రెండు భాషల్లోనూ అవ్వ

మా అవ్వ పోయింది. ఆ కబురు నాకు హిందూపురంలో, బడిలో పాఠం చెబుతుండగా అందింది. ధర్మవరం నుంచి మా అన్న పంపిన మనిషి పొద్దుటి రైలు దిగి నేరుగా వచ్చి, తరగతి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, తల వంచుకుని నిలబడ్డాడు. అతను నోరు విప్పకముందే నాకు అర్థమయింది. "అవ్వా" అని గట్టిగా అరిచాను. పక్క గదుల్లోంచి టీచర్లు పరుగెత్తుకొచ్చారు. సంగతి తెలిశాక మా పెద్ద టీచరమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, అవ్వలూ తాతలూ ఎన్నాళ్ళుంటారమ్మా, వయసైపోయాక తప్పదు కదా అని ఓదార్చారు. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. నేను ఏడుస్తూనే, పోయింది మా నాయనమ్మ కాదండీ, అమ్మమ్మా కాదు, ఆమెకు అరవై కూడా నిండలేదు అని చెప్పాల్సి వచ్చింది. మరి అవ్వ అన్నావేమిటి అని ఆవిడ తెల్లబోయారు. రైలుకు వేళయింది కాబట్టి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

ఇలాంటివి బరువైన గొంతుతో రాస్తారని నాకు తెలుసు. నా వల్ల కాదు. ఆమెను తలుచుకుంటే నాకు ఇప్పటికీ తిరునాళ్ళకు బయలుదేరుతున్నట్టు హుషారు పుడుతుంది. ఆమె ఉన్నచోట ఎప్పుడూ ఏదో ఒక సందడి జరుగుతూనే ఉండేది. చదివేవాళ్ళు ఏమనుకున్నా సరే, నేను ఆ హుషారుతోనే చెబుతాను.

నేను పుట్టింది శిరా అవతల, కన్నడం తప్ప ఇంకో మాట వినపడని పల్లెలో. మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. నాకు ఊహ తెలియకముందే అమ్మా నాన్నా పోతే, మా మేనమామ నన్ను మందతో పాటే తిప్పేవాడు. మా పక్క మేత అయిపోగానే మావాళ్ళు గొర్రెలను తోలుకుని తూర్పుకు నడిచేవాళ్ళు. మడకశిర, హిందూపురం, పెనుకొండ మీదుగా ధర్మవరం, ముదిగుబ్బ దాకా. కోతలైన చేలల్లో రాత్రిళ్ళు మందను పడుకోబెడితే ఆసామి నేలకు ఎరువు, అతను కొలిచే గింజలు మాకు తిండి. నడవలేనప్పుడు మామ నన్ను భుజాల మీద ఎక్కించుకునేవాడు. అంత ఎత్తు నుంచి చూస్తే గొర్రెల వీపులు తప్ప నేల కనపడేది కాదు.

యాభైల మొదట్లో, వానలు మొహం చాటేసిన ఒక ఏడు, ధర్మవరం పొలిమేరలో వేరుశనగ తీసేసిన చేలో మంద దిగింది. అక్కడ నాకు జ్వరం తగిలింది. అప్పటికి నాకు ఐదో ఆరో ఏళ్ళు. పొలానికి కూడు తెచ్చిన ఆసామి భార్య నా ఒంటి మీద చెయ్యి వేసి చూసి, ఎవరినీ అడక్కుండా నన్ను చంకనేసుకుని ఇంటికి నడిచింది. మామ వెనకాలే వెళ్ళి గుమ్మం బయట నిలబడ్డాడు. ఆయనకు సంతలో బేరానికి సరిపడా తెలుగే వచ్చు. మేత లేదు, మందను ముదిగుబ్బ వైపు తోలాలి, వారంలో వచ్చి తీసుకుపోతాను అని సగం మాటలతో, సగం చేతులతో చెప్పి వెళ్ళాడు.

ఆ రాత్రి మగతలో కళ్ళు తెరిచి, నన్ను ఒళ్ళో పెట్టుకున్న ఆ మనిషిని చూసి నేను "అవ్వా" అన్నాను. మా పల్లెలో అవ్వ అంటే అమ్మ. ధర్మవరంలో అవ్వ అంటే ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. ఆమెకు అప్పటికి నలభై. జుట్టు నల్లగా నిగనిగలాడేది, ఆ జుట్టంటే ఆమెకు కాస్త గర్వం కూడా. గూట్లోని అద్దం తీసి మొహం చూసుకుని, నేనేం ముసిల్దాని మాదిరి ఉండానా అని భర్తను నిలదీసిందట. ఆయన తెలివైనవాడు, పొలం పని గుర్తొచ్చినట్టు లేచి బయటికి వెళ్ళిపోయాడట. మా అన్న, అంటే ఆమె కొడుకు, ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా పొట్ట పట్టుకుని నవ్వుతాడు.

అసలు పొరపాటు మర్నాడు జరిగింది. జ్వరం తగ్గింది. ఆమె రాగి గంజిలో మజ్జిగ కలిపి తాగించింది. నేను ఆబగా తాగాను. ఇంకా పోస్తోంది. కడుపు నిండిపోయింది. గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, ఆమె కళ్ళలోకి చూసి, "సాకు" అన్నాను.

కన్నడంలో సాకు అంటే చాలు. ఆమెకు కన్నడం రాదు. ఆమె పుట్టింది తనకల్లు దగ్గర, మెట్టింది ధర్మవరం. ఆమెకు తెలిసిన సాకడం ఒక్కటే, బిడ్డను సాకడం, మేకపిల్లను సాకడం. అవ్వా అని పిలిచిన పరాయి పిల్ల, తల్లీ తండ్రీ లేని పిల్ల, చెయ్యి అడ్డం పెట్టి నన్ను సాకు అంటోంది. చేతిలోని చెంబు కింద పెట్టేసి, "సాకుతాలే తల్లీ. సాకకుండా యాడికి పోతా" అని ఆమె నన్ను గుండెకు అదుముకుంది.

హిందూపురం వాళ్ళకైతే ఈ పొరపాటు జరగదు. అక్కడ ఒకే నాలుక మీద రెండు భాషలు కాపురం చేస్తాయి. శిరా పిల్ల ధర్మవరం దాకా నడిచి వచ్చింది కాబట్టే జరిగింది. జరిగినందుకు నాకు ఎంత సంతోషమో మాటల్లో పెట్టలేను.

వారంలో వస్తానన్న మామ రాలేదు. ముదిగుబ్బ దగ్గర మందకు రోగం తగిలింది. బతికిన గొర్రెలను దక్కించుకోవడానికి ఆయన వేరే దారిన ఊరు చేరుకున్నాడు. ఈలోగా నాకు తెలుగు వచ్చేసింది. అన్న పిలిచినట్టే నేనూ ఆసామిని నాయనా అని పిలిచాను. ఆమెను మాత్రం అవ్వా అనే పిలిచాను, నోటికి అలవాటైపోయింది. నాయన భార్య అవ్వ ఎట్లయిందబ్బా అని వీధిలో అందరికీ అదొక వేళాకోళం. మొదట్లో ఉడుక్కున్న ఆమే తర్వాత, ఇంకొకరెవరైనా అత్తా, పెద్దమ్మా అని పిలవమని నాకు నేర్పబోతే ఊరుకునేది కాదు.

మరుసటి ఏడు మంద మళ్ళీ వచ్చింది. మామ గుమ్మం ముందు నిలబడి పిల్లను పంపమన్నాడు. అవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది. సాకమని పిల్లే నోరు తెరిచి అడిగింది, నేను మాట ఇచ్చినాను, ఇప్పుడు ఎట్ల పంపేది అని ఆమె వాదన. అంత చిన్నపిల్ల అట్లా అడిగిందంటే మామ నమ్మలేదు. పెద్ద ఇంటివాళ్ళు కట్టుకథ చెప్పి తన చెల్లెలి బిడ్డను ఉంచేసుకుంటున్నారనుకున్నాడు. ఒకరి మాట ఒకరికి పూర్తిగా తెలియదు, గొంతులు మాత్రం పెరుగుతున్నాయి. చివరికి నాయన కల్పించుకుని, పెనుకొండ సంతకు పోదాం, ఆడ రెండు మాటలూ తెలిసినోళ్ళు ఉంటారు అన్నాడు.

పెనుకొండ సంతలో ఆ రోజు నేను నిలబడిన చోటు నాకు ఇప్పటికీ గుర్తే. ఒక చెయ్యి అవ్వ పట్టుకుంది. ఎదురుగా మామ నిలబడ్డాడు. ఆయన భుజాలంటే నాకు ఇష్టం, ఆమె ఒడి అంటే ఇష్టం. ఎవరి పిల్లనో ఆ పూట తేలిపోతుందని నాకు తెలుసు.

చింతపండు కొనడానికి హిందూపురం మండీ నుంచి వచ్చిన ఒక గుమాస్తా దొరికాడు. అంగడి ముందున్న జగిలి అరుగు మీద కూర్చుని, కోర్టులో జడ్జి లాగా కండువా సర్దుకుని, ముందు అవ్వ చెప్పింది తెలుగులో విన్నాడు. తర్వాత మామ చెప్పింది కన్నడంలో విన్నాడు. పిల్ల ఏ మాట అన్నదో ఆ మాటే చెప్పమన్నాడు. అవ్వ చెప్పింది. అంతే, ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి పొలమారింది. అంగడివాడు నీళ్ళిచ్చాక, కళ్ళు తుడుచుకుంటూ రెండు భాషల్లోనూ సంగతి వివరించాడు. అప్పటికే సంత సంతంతా మా చుట్టూ మూగింది. ఎవరికో చింతపండు తూస్తున్నవాడు తక్కెడ వదిలేసి వచ్చాడు. సగం మంది నవ్వుతున్నారు, సగం మంది అవ్వ పక్షం, మామ పక్షం చేరి వాదించుకుంటున్నారు.

మామ మొహం తేటపడింది. అయితే పిల్ల అడగనే లేదు కదా, కడుపు నిండిందని మాత్రమే చెప్పింది కదా అన్నాడు. నా చెయ్యి పట్టుకున్న అవ్వ చెయ్యి మెల్లగా వదులయింది. నేను అడగకపోతే నన్ను ఉంచుకునే హక్కు తనకు లేదని ఆమె అనుకుంది.

గుమాస్తా మంచివాడు. నా ముందు వంగి, "ఏం పాపా, అప్పుడంటే జ్వరంలో అన్నావు. ఇప్పుడు నీకు రెండూ తెలుసు కదా. ఏమంటావు?" అని అడిగాడు.

నేను మామ వైపు చూశాను. అవ్వ వైపు చూశాను. "సాకు" అన్నాను.

గుమాస్తా ఈసారి నవ్వలేదు. ఏ భాషలో అన్నావని కూడా అడగలేదు. ఇంక నడిచింది చాలు అని మామకు అర్థమయింది. అవ్వకు అర్థమయింది వేరే చెప్పాలా, ఆమె నా చెయ్యి మళ్ళీ అందుకుంది, ఎముకలు నొప్పెట్టేంత గట్టిగా. నేను ఏ భాషలో అన్నానో నన్నడిగితే, రెండింటిలోనూ అన్నాను.

మామ జొన్న బస్తా మీద కూలబడ్డాడు. పిల్ల మన మాట మర్చిపోతుంది, మాట పోయాక ఇది మాకేమవుతుంది అన్నాడు. ఆయన భయం అన్యాయమైనది కాదు. మందతో తిరిగేవాళ్ళకు నేలా ఇల్లూ ఉండవు, ఉండేది మాటే. గుమాస్తా తెలుగులో చెప్పగానే అవ్వ లేచి నిలబడింది.

"మర్చిపోనీను. నేనే నేర్చుకుంటా మీ మాట. ఏడాదికి ఒకసారి వచ్చి అడుగు, నన్ను అడుగు."

నలభై దాటిన మనిషి, అక్షరం ముక్క రాని మనిషి, సంత మధ్యలో నిలబడి అన్న మాట ఇది. ఒక బిడ్డను ఉంచుకోవడం కోసం ఆ బిడ్డ భాషను తాను నేర్చుకుంటానన్నది. మామ ఒప్పుకున్నాడు. గుమాస్తా రెండు వైపుల వాళ్ళకూ బెల్లం పంచాడు.

ఆమె కన్నడం నేర్చుకున్న వైభోగం చెప్పాలంటే ఒక రాత్రి చాలదు. ఆమెకు గురువును నేనే. పాలను హాలు అంటారని చెప్పాను. పులిని హులి, పువ్వును హూవు అని చెప్పాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి, కిటుకు దొరికిందని చప్పట్లు కొట్టింది. ఇంతేనా, ప తీసేసి హ పెట్టేదే కదా అంది. అంతటితో ఆగితే ఆమె మా అవ్వ ఎందుకవుతుంది? పెరుగు హెరుగయింది. పప్పు హప్పయింది. ఒకసారి హిందూపురం వచ్చినప్పుడు బస్టాండులో ఒక పెద్దమనిషిని ఆపి, "హెనుకొండ బస్సు యాడ నిలబడ్తాదప్పా?" అని అడిగింది. ఆయన నిజంగా ఆలోచించి, ఆ ఊరు మా పక్క లేదమ్మా అన్నాడు. అంతటితో అయిపోలేదు. ఈ ఊరి అసలు పేరు పిందూపురమై ఉంటుంది, కన్నడమోళ్ళు ముందే మార్చేసినారు అని తిరుగు ప్రయాణమంతా నాకు చెబుతూనే ఉంది. నేను నవ్వలేక చచ్చాను.

ఏటా మంద వచ్చినప్పుడు పరీక్ష జరిగేది. మామ చేలో కూర్చుని గొర్రెను, గడ్డిని, ఆకాశాన్ని చూపించి పేర్లు అడిగేవాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుని బడిపిల్ల లాగా నిలబడి చెప్పేది. తప్పు చెబితే మామ నవ్వే నవ్వుకు మంద బెదిరి చెల్లాచెదరయ్యేది. రానురాను తప్పులు తగ్గాయి. ఇంట్లో పొయ్యి దగ్గర మేమిద్దరం కన్నడంలోనే మాట్లాడుకునేవాళ్ళం. నాయన తన మీదే ఏదో చెప్పుకుంటున్నామని అనుమానపడేవాడు, ఒక్కోసారి నిజం కూడా. నన్ను తిట్టాలంటే మాత్రం కన్నడంలోనే తిట్టేది. ఎందుకవ్వా అంటే, తెలుగులో తిడితే పక్కింటోళ్ళకు కూడా ఇచ్చినట్టయితాది, నీది నీకే ఇస్తాండా అనేది.

భాషల లెక్కన రాష్ట్రాలు వేరు చేసిన రోజుల్లో హిందూపురం, మడకశిర ఎటు పోతాయా అని జనం రచ్చబండల మీద ఒకటే వాదులాట. మా ఇంటి అరుగు మీదా ఒక సాయంత్రం అదే గోల. ఏ ఊళ్ళో ఎవరు ఎక్కువ, ఎవరు ముందొచ్చారు, ఎవరు వలసొచ్చారు అని. అవ్వ మజ్జిగ తెచ్చి ఇస్తూ, "గీత గీసేటోళ్ళు గొర్రెల మందను కూడా అడిగి గీస్తారా?" అంది. వాళ్ళు నవ్వారు గానీ ఆమె వేళాకోళానికి అనలేదు. ఆమెకు అది నిజమైన సందేహం. రేపు మామ రావడానికి ఎవరి అనుమతైనా కావాలేమోనని ఆ రాత్రి నన్ను మళ్ళీ మళ్ళీ అడిగింది.

నేను చదువుకుని హిందూపురంలో సాంఘిక శాస్త్రం చెప్పే టీచరునయ్యాను. నా తరగతిలో సగం మంది ఇంట్లో కన్నడం మాట్లాడతారు, కొందరిళ్ళలో ఉర్దూ, కొందరిళ్ళలో మరాఠీ. లోకంలో జనం మేత వెతుక్కుంటూ, నీళ్ళు వెతుక్కుంటూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా పోయారో, పోయిన చోట వేషం, తిండి, మాట ఎలా కలిశాయో చెప్పే పాఠం ఒకటుంది. సెలవులకు వెళ్ళినప్పుడు దాన్ని అవ్వకు చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నది. పోయినోళ్ళ గురించి బాగా రాసినారు, ఆడ వాళ్ళకు మొదటి పూట కూడు పెట్టినోళ్ళ గురించి కూడా ఉండాదా అని అడిగింది. పేజీలు తిరగేసి చూశాను, లేదు. అప్పటి నుంచి ఆ పాఠం చెప్పినప్పుడల్లా ఆ ముక్క నేను కలిపి చెబుతున్నాను. పిల్లలకు పాఠం మొత్తంలో అదే బాగా నచ్చుతుంది.

కబురు అందిన రోజు నేను ధర్మవరం చేరేసరికి వీధంతా జనం. అవ్వను అరుగు మీద పడుకోబెట్టారు. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, కానీ లేవదీయడం లేదు. మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. అది కప్పకుండా పాడె ఎక్కించరు. అవ్వకు పుట్టింటివాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఉన్న ఒక్క తమ్ముడూ పోయాడు, అతని పిల్లలు తనకల్లు వదిలి బెంగళూరు మిల్లుల్లో పనికి పోయి ఎక్కడున్నారో తెలియదు. పాపం, పుట్టింటి గుడ్డ లేకుండా పోతాంది అని ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. ఇల్లు లేని పిల్లకు ఇల్లయిన మనిషి, తానే ఇల్లు లేనిదాని లాగా వెళ్ళిపోవాలా? బజారులో చీర కొని ఎవరో ఒకరి చేత కప్పించేద్దామని పెద్దలు అనుకుంటున్నారు. అన్న తల పట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ మామ వచ్చాడు. ఆ వారం ఆయన మంద బుక్కపట్నం చెరువు దిగువన ఉంది. కబురు ఎవరి నోటనో విని, మందను కొడుకుకు అప్పగించి, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. భుజం మీద ఒక మూట ఉంది. గొర్రెలకాపరి లోపలికి ఎందుకొస్తున్నాడో అరుగు దగ్గరున్న ఒక పెద్దాయనకు తెలియలేదు. పుట్టింటోళ్ళ కోసం చూస్తాండాము, నువ్వు రవ్వంత పక్కకు జరుగు, అయినా నువ్వేమవుతావప్పా ఆమెకు అని అడిగాడు.

ఇన్నేళ్ళూ మామ ఆమెను అమ్మయ్యా అనే పిలిచేవాడు, ఏ పొలం ఆసామి భార్యనైనా పిలిచినట్టు. వేరే పిలుపు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

"అక్క," అన్నాడు మామ. "మా అక్క. ఆమె నోట్లో ఉండేది మా ఇంటి మాట. పుట్టింటోళ్ళం మేమే."

అక్క అనే మాట శిరాలోనూ అదే, ధర్మవరంలోనూ అదే. ఎవరూ ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేకపోయింది. పెద్దాయన పక్కకు తప్పుకున్నాడు.

మామ మూట విప్పాడు. అందులో చీర లేదు. తన మందలోని గొర్రెల బొచ్చుతో నేయించిన కొత్త కంబళి ఉంది, నల్లది. ఇది చీర కాదే అని ఎవరో అనబోతే నాయన చెయ్యెత్తి ఆపాడు. మిట్టమధ్యాహ్నం, కాళ్ళు కాలే ఎండ. మామా అత్తా చెరో కొసా పట్టుకుని కంబళిని అవ్వ మీద పరిచారు. తర్వాత మామ ఆమె పాదాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చేలో మంచులో పడుకోబెట్టే బిడ్డకు చేసినట్టు, చలిగాలి ఎక్కడా దూరకుండా అంచులు లోపలికి మడిచి పాదాల కింద దోపాడు.